ఊరంతా బిల్డింగులు లేస్తుంటే ఆర్కిటెక్ట్‌కి ఉద్యోగం ఎందుకు దొరకదు?

2009 జులైలో బంజారాహిల్స్‌లోని ఒక ఆఫీసులో నా పోర్ట్‌ఫోలియో మొత్తం, 32 ఏ3 షీట్లూ, ఒక్కటి కూడా వదలకుండా తిప్పి చూసిన ఆర్కిటెక్ట్ ఒకాయన ఉన్నారు. అప్పటికి 11 ఆఫీసులు తిరిగాను, రిసెప్షన్ దాటి లోపలికి రానిచ్చింది 3 చోట్లే. అందుకే ఆయన నా థీసిస్ షీట్ దగ్గర ఆగి, సెక్షన్ మీద, అంటే బిల్డింగ్‌ని నిలువునా కోసినట్టు చూపే డ్రాయింగ్ మీద, వేలు పెట్టి "ఈ మెట్ల కింద హెడ్‌రూమ్ సరిపోదు, తల తగులుతుంది చూడు" అన్నప్పుడు ప్రాణం లేచొచ్చింది. తప్పు పట్టారంటే చదివారన్నమాట. టీ తెప్పించారు. తాగాక లేచి నన్ను వెనక హాల్లోకి తీసుకెళ్లారు. 14 కంప్యూటర్లు, 5 మంది మనుషులు. మిగతా మానిటర్లకి పాలిథీన్ కవర్లు కప్పి ఉన్నాయి, గోడవారగా ఏదో టవర్ తాలూకు థర్మకోల్ మోడల్, పై అంతస్తులు ఊడి ఒక పక్కకి ఒరిగింది. "పని బాగుంది బాబూ. కూర్చోబెట్టి నీతో ఏం గీయించను?" అన్నారు.

మర్యాదగా వద్దంటున్నారని అనుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత, ఇంకొకరి పోర్ట్‌ఫోలియో నా చేతిలో పట్టుకుని కూర్చున్న రోజున తెలిసింది, ఆయన ఉన్నదున్నట్టు చెప్పారని.

అప్పట్లో ఖమ్మం నుంచి మా బాబాయ్ ఫోన్ చేసిన ప్రతిసారీ ఒకటే మాట. "ఏరా, హైదరాబాద్‌లో ఎటు చూసినా బిల్డింగులే లేస్తున్నయంట గదా, నీకు ఉద్యోగం రాకపోవుడేందిరా?" ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. కళ్లెదురుగా గచ్చిబౌలిలో క్రేన్లు తిరుగుతున్నాయి, మేస్త్రీలకి చేతినిండా పనుంది, ఐదేళ్లు చదివిన నేను మాత్రం విజయనగర్ కాలనీలో ఇంకో ఇద్దరితో కలిసి ఉన్న గదిలో ఉద్యోగ మెయిళ్లు పంపుతూ కూర్చున్నాను. లోపం నాలోనే ఉందని అనుకోవడం ఆ పరిస్థితిలో చాలా తేలిక. ఈ వ్యాసం ముఖ్యంగా అలా అనుకుంటున్నవాళ్ల కోసం.

గాదెలో ఉన్న వడ్లు పోయిన ఏటి పంటవి. గచ్చిబౌలిలో తిరిగే క్రేన్ కూడా అంతే. ఒక బిల్డింగ్‌కి సంబంధించి ఆర్కిటెక్ట్ ఆఫీసులో జరగాల్సిన పనిలో ఎక్కువ భాగం, అంటే నలుగురైదుగురు కూర్చుని రాత్రింబవళ్లు గీసే పని, పునాది తవ్వకముందూ తవ్విన కొత్తలోనూ అయిపోతుంది. ముందు స్థలం సర్వే, తర్వాత కాన్సెప్ట్, ఆ తర్వాత మున్సిపాలిటీకి పెట్టే సబ్మిషన్ డ్రాయింగులు, పర్మిషన్ వచ్చాక వర్కింగ్ డ్రాయింగులు. స్లాబులు పడటం మొదలయ్యాక ఆఫీసుకి మిగిలేది సైట్ విజిట్లు, చిన్నాచితకా మార్పులు, టైల్స్, తలుపుల వివరాలు. అది ఒక మనిషి చేసే పని. కాబట్టి 2009లో నాకు కనిపించిన క్రేన్లు 2006, 2007లో ఎవరో కుర్రాళ్లు గీసిన కాగితాల మీద నడుస్తున్నాయి. 2009లో కొత్త కాగితాలు లేవు. మాంద్యం వస్తే సిమెంటు కంటే ముందు కాగితం ఆగుతుంది, సగం కట్టిన స్లాబ్ ఆపితే బిల్డర్‌కి వడ్డీ మీద పడుతుంది గానీ మొదలే పెట్టని డ్రాయింగ్ ఆపడానికి ఒక్క ఫోన్ చాలు. "కొన్నాళ్లు ఆగుదాం సార్" అంటే అయిపోయింది.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. పెళ్లిని మాంద్యం పేరు చెప్పి ఎవరూ ఆపరు. ఇల్లు ఆపేస్తారు. అది ఒక్క కుటుంబం చేస్తే నష్టం లేదు, ఐటీ కంపెనీ క్యాంపస్, బిల్డర్ వెంచర్, ప్రైవేట్ హాస్పిటల్, అందరూ ఒకే నెలలో చేస్తే ఆర్కిటెక్ట్ ఆఫీసుల్లో పాలిథీన్ కవర్లు బయటికొస్తాయి.

మా బ్యాచ్‌కి హైదరాబాద్‌లో దెబ్బ మీద దెబ్బ తగిలింది. 2008 మార్చిలో శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ మొదలైనప్పుడు మేము నాలుగో సంవత్సరంలో ఉన్నాం, ఇక ఈ ఊళ్లో పనికి కొదవ ఉండదని లెక్చరర్లే చెప్పేవాళ్లు. ఆ ఏడాది జులై చివరికి రిజర్వ్ బ్యాంక్ రెపో రేటు, అంటే అది బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ, 9 శాతానికి చేరింది, అంటే బిల్డర్ తెచ్చే అప్పూ ఇల్లు కొనేవాడి అప్పూ రెండూ భారమయ్యాయి. సెప్టెంబర్ 15న అమెరికాలో లేమాన్ బ్రదర్స్ కూలింది, అమెరికా కంపెనీల పని మీద బతికే మన ఐటీ ఆఫీసులు కొత్త క్యాంపస్‌ల మాట పక్కన పెట్టాయి. అక్కడితో ఆగలేదు. డిసెంబర్ 16న హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం, దాని ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికే చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌నీ మేటాస్ ఇన్‌ఫ్రానీ కొంటున్నట్టు ప్రకటించి, వాటాదారులు తిరగబడటంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న, సత్యం లెక్కలు దొంగవని ఒప్పుకుంటూ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చింది. సత్యంలో పనిచేసేవాళ్ల భయం అందరికీ గుర్తుంది. మాకు అంతకంటే దగ్గరి దెబ్బ మేటాస్. నగరంలో పెద్ద టౌన్‌షిప్ కడుతున్న సంస్థ అది, మెట్రో రైలు కాంట్రాక్ట్ కూడా దాని కన్సార్షియానిదే. 2009 జులైలో ఆ కాంట్రాక్ట్ రద్దయింది. మెట్రో చివరికి ఎల్ అండ్ టీ చేతికి వెళ్లి 2017 నవంబర్‌లో గానీ నడవలేదు. స్టేషన్ల చుట్టూ మాల్స్ వస్తాయి, ఆఫీసులు వస్తాయి అని లెక్కలేసుకుని స్థలాలు కొన్నవాళ్లంతా ఆగిపోయారు.

"ఇక్కడ కాకపోతే దుబాయ్" అనే మాట మా సీనియర్ల దగ్గర ఎప్పుడూ ఉండేది. ఆ తలుపు కూడా అప్పుడే పడిపోయింది. 2009 జనవరిలో అక్కడి నిర్మాణ సంస్థ నఖీల్ కిలోమీటర్ ఎత్తు టవర్ పనులు ఆపింది, నవంబర్‌లో అక్కడి ప్రభుత్వ సంస్థ దుబాయ్ వరల్డ్ అప్పులు కట్టడానికి గడువు కావాలని అడిగింది. మేము వెళ్దామనుకున్న ఊరి నుంచి మా సీనియర్లే తిరిగొచ్చి, మేము కూర్చున్న రిసెప్షన్లలోనే, మా పక్క కుర్చీలోనే కూర్చున్నారు. ఆరేళ్ల అనుభవం ఉన్న మనిషి నేను అడిగే జీతానికి కాస్త అటూ ఇటుగా ఒప్పుకుంటుంటే ఏ ఆఫీసు మాత్రం నన్ను తీసుకుంటుంది?

చాలామందికి అర్థం కాని చిక్కు ఇంకొకటి ఉంది. రిజర్వ్ బ్యాంక్ వరసగా తగ్గిస్తూ వచ్చి 2009 ఏప్రిల్‌కి రెపో రేటుని 4.75 శాతానికి దించింది. పేపర్లలో కోలుకుంటోందని రాస్తున్నారు. మేము బయటికొచ్చింది ఆ తర్వాతే. మరి ఉద్యోగాలు ఎందుకు రాలేదు? పని తిరిగొచ్చే వరస చూస్తే తెలుస్తుంది. బిల్డర్ ముందు సగంలో ఆగినవి పూర్తి చేస్తాడు, కట్టి అమ్ముడుపోని ఫ్లాట్లు అమ్ముకుంటాడు, ఆ డబ్బు చేతికొచ్చాక కొత్త స్థలం చూస్తాడు. అప్పుడు ఆర్కిటెక్ట్‌కి ఫోన్ వస్తుంది. ఆ ఫోన్ వచ్చిన ఆఫీసు కూడా వెంటనే ఫ్రెషర్‌ని పిలవదు. ముందు ఉన్న ఐదుగురి చేత రాత్రి పదిదాకా గీయిస్తుంది, తర్వాత వాళ్ల పాత బకాయి జీతాలు తీరుస్తుంది, ఆ తర్వాత తీసేసిన వాళ్లలో పనిమంతుల్ని తిరిగి పిలుస్తుంది. మన వంతు ఆ తర్వాత. బయటికి పోయేటప్పుడు ముందు వరస, లోపలికి వచ్చేటప్పుడు ఆఖరి వరస.

ఇది మన దగ్గర మాత్రమే జరిగేది కాదు. అమెరికాలో ఆర్కిటెక్ట్‌ల సంఘం ఏఐఏ ప్రతి నెలా ఆఫీసుల్ని అడిగి ఒక సూచీ విడుదల చేస్తుంది. బిల్లింగ్ పెరిగిందా తగ్గిందా అనేదే ప్రశ్న, 50 దాటితే పెరిగినట్టు. నిర్మాణ రంగం ఎటు పోతుందో 9 నుంచి 12 నెలల ముందే ఆ సూచీ చెబుతుందని పేరు. 2009 జనవరిలో అది 33 దాకా పడింది. లెక్కల ప్రకారం అమెరికా మాంద్యం 2009 జూన్‌లో ముగిసింది, ఆ సూచీ మాత్రం 50 దాటడానికి 2010 సెప్టెంబర్ పట్టింది. 2012లో జార్జ్‌టౌన్ యూనివర్సిటీ వాళ్లు ఏ డిగ్రీ చదివిన కొత్త గ్రాడ్యుయేట్లలో ఎంతమంది ఖాళీగా ఉన్నారో లెక్క తీస్తే, అన్నిటికంటే పైన ఆర్కిటెక్చర్ ఉంది, 13.9 శాతం.

ఆ 13.9 శాతం పక్కనే మన పిల్లలు కూడా ఉన్నారు. మా క్లాస్‌మేట్ ఒకడు మాస్టర్స్ చేయడానికి అమెరికా వెళ్లాడు. చదువయ్యాక వీసా మీద దొరికే పని గడువు 12 నెలలు, అందులో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. 2008లో సైన్స్, ఇంజనీరింగ్ వాళ్లకి ఆ గడువు ఇంకో 17 నెలలు పొడిగించారు, ఆర్కిటెక్చర్ డిగ్రీ ఆ జాబితాలో లేదు. ఒకే ఇంట్లో ఉన్న నలుగురు తెలుగు కుర్రాళ్లలో ముగ్గురు కంప్యూటర్ సైన్స్, వాళ్లకి ఊపిరి పీల్చుకునే టైముంది. వీడు గోడ మీద క్యాలెండర్‌లో 90 రోజులూ కొట్టేసుకుంటూ వచ్చాడు. 83 దగ్గర వేరే ఊళ్లో కిచెన్ క్యాబినెట్లు అమ్మే షోరూంలో డ్రాయింగులు గీసే పని దొరికింది. దానికి వాడెంత సంతోషించాడో ఫోన్‌లో విన్న నాకు తెలుసు, సంతోషించాల్సి రావడం ఎంత బాధో కూడా తెలుసు.

ఇప్పుడు ఆఫీసు వైపు నుంచి చూద్దాం. ఆర్కిటెక్ట్ ఆఫీసుకి ఫ్యాక్టరీలా మిషన్లు ఉండవు, షాపులా సరుకు ఉండదు. ఖర్చంటే అద్దె, కంప్యూటర్లు, అన్నిటికంటే ఎక్కువగా జీతాలు. రాబడి ఫీజు రూపంలో దశలవారీగా వస్తుంది: కాన్సెప్ట్ ఒప్పుకుంటే కొంత, సబ్మిషన్‌కి కొంత, వర్కింగ్ డ్రాయింగులకి కొంత. బిల్డర్ మధ్యలో ఆపితే తర్వాతి దశలు రావు, చేసిన దశకి రావాల్సిన బ్యాలెన్స్ కూడా చాలాసార్లు రాదు, గట్టిగా అడిగితే మళ్లీ పని ఇవ్వడేమోనని భయం. తగ్గించుకోవడానికి ఆఫీసు చేతిలో ఉన్నది ఒక్కటే, మనుషులు. అందుకే ఇక్కడ కోత అంత త్వరగా, అంత లోతుగా పడుతుంది. దీనికి తోడు 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం కాపాడేది 'ఆర్కిటెక్ట్' అనే పేరుని మాత్రమే, రిజిస్ట్రేషన్ లేనివాళ్లు బిల్డింగ్ డిజైన్ చేయకూడదని ఆ చట్టం చెప్పదు, 2020 మార్చిలో సుప్రీం కోర్టు ఆ సంగతి తేల్చి చెప్పింది. డబ్బులు టైట్‌గా ఉన్న ఇంటి యజమాని డ్రాఫ్ట్స్‌మన్ దగ్గరికో మేస్త్రీ దగ్గరికో వెళ్లిపోతాడు. చట్టం తప్పని నేననను, కానీ మాంద్యంలో మన మార్కెట్ రెండు వైపుల నుంచీ కుంచించుకుపోతుందని కుర్రాళ్లకి కాలేజీలో ఎవరూ చెప్పరు.

అయితే ఆఫీసుల కష్టం అర్థం చేసుకోవడం వేరు, అవి చేసేదంతా ఒప్పుకోవడం వేరు. ఒక ఆఫీసు శుక్రవారం సాయంత్రం నాకు 'టెస్ట్' ఇచ్చింది. 30 బై 60 ప్లాట్, తూర్పు ముఖం, జీ ప్లస్ వన్ విల్లా, మూడు ఎలివేషన్లు, అంటే ఇంటి బయటి ముఖం డ్రాయింగులు, త్రీడీ వ్యూలతో సహా, సోమవారం పొద్దునకల్లా. రూమ్మేట్ కంప్యూటర్ కూడా అడిగి తీసుకుని రెండు రాత్రులు రెండర్లు పెట్టాను, సోమవారం సీడీలో ఇచ్చి వచ్చాను. ఫోన్ లేదు, మెయిల్ లేదు. ఏడాది తర్వాత వేరే పని మీద నగర శివార్లలో ఒక లేఅవుట్‌కి వెళ్తే ఆ ఎలివేషన్ అక్కడ నిలబడి ఉంది. నేను పెట్టిన జాలీ, మెట్ల దగ్గర నేను గీసిన సన్నటి నిలువు కిటికీ, వరసగా తొమ్మిది ఇళ్లకి. బండి ఆపి చాలాసేపు చూశాను. కోపం కంటే ముందు, కట్టాక బాగానే ఉంది అనిపించింది. ఆ తర్వాత కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది.

ఉచితంగా పని చేయమనడం గురించి అందుకే మొహమాటం లేకుండా చెప్తాను, చేయొద్దు. "అనుభవం వస్తుంది కదా" అంటారు. రెండు నెలలు జీతం లేకుండా హైదరాబాద్‌లో ఉండగలిగేది ఇంటి నుంచి డబ్బులొచ్చేవాళ్లే, వరంగల్ నుంచో శ్రీకాకుళం నుంచో ఎడ్యుకేషన్ లోన్ మీద చదివి వచ్చినవాళ్లు అక్కడే వడపోతలో పోతారు. ఇంకోటి, దీని గురించి తక్కువ మాట్లాడతారు గానీ: ఒక ఆఫీసు దగ్గర జీతం లేని ముగ్గురుంటే అది బిల్డర్‌కి తక్కువ ఫీజు చెప్పగలదు. పక్క ఆఫీసు తన వాళ్లకి జీతమిచ్చి ఆ ఫీజుకి పని చేయలేదు కాబట్టి అదీ తగ్గించాలి, లేదా మనుషుల్ని తీసేయాలి. మీరు ఉచితంగా గీసిన గీతలోంచి లాభం చివరికి బిల్డర్ జేబులోకి వెళ్తుంది, అటుపక్క ఇంకొక ఆర్కిటెక్ట్ ఉద్యోగం పోతుంది. తక్కువ జీతానికి ఒప్పుకోవాల్సి వస్తే ఒప్పుకోండి, డ్రాయింగ్‌కింత అని మాట్లాడుకోండి, కానీ సున్నాకి వద్దు.

మరి పని ఎక్కడుంటుంది? నాకు దొరికింది నేను ఎప్పుడూ వెతకని చోట. 2007 డిసెంబర్ 31న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనధికార నిర్మాణాలకి బీపీఎస్, లేఅవుట్లకి ఎల్‌ఆర్‌ఎస్ పథకాలు తెచ్చింది, అపరాధ రుసుము కట్టి కట్టడాన్ని క్రమబద్ధం చేసుకోవచ్చు. దానికి ఉన్న ఇంటిని కొలిచి ప్లాన్ గీయాలి. కూకట్‌పల్లి వైపు ఒక లైసెన్స్‌డ్ ఇంజనీర్ దగ్గర అలాంటి ఫైళ్లు గుట్టలు పడి ఉన్నాయి, ఇంటికి 400 రూపాయలు ఇస్తానన్నారు. ఐదేళ్లలో మ్యూజియంలూ కన్వెన్షన్ సెంటర్లూ డిజైన్ చేసిన వాడిని, టేపు పట్టుకుని ఇరుకు సందుల్లో తిరగాలంటే మొదటి వారం ఏడుపొచ్చింది.

నాలుగు నెలల్లో 60 ఇళ్లు కొలిచాను. టేపు రెండో చివర ఇంటివాళ్ల పిల్లలు పట్టుకునేవాళ్లు. వంటింటి కిటికీ తెరిస్తే జానెడు దూరంలో పక్కింటి గోడ. ఒక ఇంట్లో మెట్ల కింద వాషింగ్ మెషీన్ పెట్టుకున్నారు, దాని పైన స్లాబ్ అడుగున నల్లటి జిడ్డు మరక, రోజూ ఆ ఇంటామె బట్టలు వేయడానికి వంగి లేచేటప్పుడు తల తగిలే చోటు. కొలిస్తే 5 అడుగుల 2 అంగుళాలు. బంజారాహిల్స్‌లో ఆయన నా సెక్షన్ మీద వేలు పెట్టింది సరిగ్గా ఇలాంటి చోటే. ఆ రాత్రి థీసిస్ ఫైల్ తెరిచి ఆ మెట్లు సరిచేశాను, ఎవరూ అడగకపోయినా.

2010 జనవరిలో హిమాయత్‌నగర్‌లో ఒక చిన్న ఆఫీసుకి వెళ్లినప్పుడు పోర్ట్‌ఫోలియో చివర ఆ కొలతల డ్రాయింగులు నాలుగు పెట్టాను. మేడమ్ ముందు షీట్లన్నీ త్వరత్వరగా తిప్పేసి ఆ నాలుగింటి దగ్గర ఆగారు. "సెట్‌బ్యాక్‌లు చదవడం వచ్చా? 86 జీవో తెలుసా?" అన్నారు. సెట్‌బ్యాక్ అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, 86 జీవో అంటే అప్పటి బిల్డింగ్ రూల్స్, బీపీఎస్ పుణ్యమా అని వరసలు వరసలు నోటికొచ్చు. 7000 జీతం. మరుసటి సోమవారం చేరాను. ఆ ఆఫీసులో అప్పుడు కొత్త కాన్సెప్టులు ఒక్కటీ లేవు, ఉన్నదంతా పాత నర్సింగ్ హోమ్‌కి మార్పులు, ఒక స్కూల్ మీద అదనపు అంతస్తు, మున్సిపల్ అభ్యంతరాలకి జవాబులు. మాంద్యంలో మనుషులు కొత్తగా కట్టరు, ఉన్నదాన్ని సరిచేసుకుంటారు, కాగితాలు చక్కబెట్టుకుంటారు. ఆ పని చేయగలనని చూపించే షీట్లు నా పోర్ట్‌ఫోలియోలో చివరకి కాకుండా మొదటే ఉండాల్సింది, అవి ఉంటే 11 ఆఫీసుల్లో కనీసం ఒకటి ముందే పిలిచేదని ఇప్పుడు నమ్ముతాను.

కొలిచి గీయడం అనే ఈ చిన్న పనిని ఒక ప్రభుత్వం పెద్దఎత్తున చేసిన సందర్భం ఉంది. 1930లలో అమెరికా మహామాంద్యంలో ఆర్కిటెక్ట్‌ల పరిస్థితి మా కంటే ఘోరం. స్క్రాబుల్ ఆట కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ బట్స్ అప్పట్లో ఉద్యోగం పోయిన ఆర్కిటెక్టే. 1933లో నేషనల్ పార్క్ సర్వీస్‌లో పనిచేసే చార్లెస్ పీటర్సన్ ఒక ప్రతిపాదన పెట్టాడు: పని లేని ఓ 1000 మంది ఆర్కిటెక్ట్‌లకి జీతమిచ్చి దేశంలోని పాత కట్టడాలన్నీ కొలిపించి గీయించమని. కొన్ని వారాల్లోనే ఆమోదం వచ్చింది. ఆ డ్రాయింగులు ఇప్పటికీ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు, ఆ కార్యక్రమం ఇప్పటికీ నడుస్తోంది.

మన దగ్గర ఇది ఎందుకు జరగదని నాకు ఎప్పుడూ బాధే. గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్లు ఏటా కూలిపోతున్నాయి, అన్నదమ్ములు పంచుకోగానే దూలాలు, తలుపులు విడిగా అమ్మేస్తున్నారు. తెలంగాణ ఊళ్లలో దొరల గడీలు, మెట్లబావులు, పాత హైదరాబాద్‌లో నవాబుల దేవిడీలు, ఎన్నింటికి సరైన ప్లాన్, సెక్షన్ ఉన్నాయి? హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూ, విజయవాడ ఎస్‌పీఏ, ఆంధ్రా యూనివర్సిటీ, ఇన్ని చోట్ల నుంచి ఆర్కిటెక్చర్ చదివి ఏటా పిల్లలు బయటికొస్తున్నారు. పని లేని ఏడాదిలో జిల్లాకి పదిమందికి స్టైపెండ్ ఇచ్చి కొలిపిస్తే, ఇళ్లు నిలబడకపోయినా కనీసం అవి ఎలా ఉండేవో కాగితం మీద మిగులుతుంది, ఆ పదిమందీ వృత్తిలోనూ మిగులుతారు.

మిగలడం అనే మాట ఊరికే అనలేదు. మా బ్యాచ్‌లో చాలామంది వెళ్లిపోయారు. ఒకరు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌కి, ఇద్దరు వెబ్ డిజైన్‌కి, ఒకరు సినిమాల ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌కి, మాలో అందరికంటే బాగా గీసే అమ్మాయి బ్యాంకు పరీక్ష రాసి క్లర్క్‌గా చేరింది. 2009 డిసెంబర్ నుంచి రాష్ట్రం ఏమవుతుందో తేలక హైదరాబాద్‌లో స్థలాలు కొనేవాళ్లు ఇంకా వెనకాడారు, అందుకే మిగతా నగరాల కంటే మాకు ఎదురుచూపు పెరిగింది. 2014 తర్వాత పని ఒక్కసారిగా వచ్చిపడినప్పుడు ఆఫీసులన్నీ ఐదారేళ్ల అనుభవం ఉన్నవాళ్ల కోసం వెతికాయి. ఎక్కడున్నారు? ఆ అనుభవం మొదలవ్వాల్సిన ఏడాదిలో వాళ్లని రిసెప్షన్ నుంచే పంపించేశారు.

ఇప్పుడు నాది విజయవాడలో చిన్న ఆఫీసు, ఆరుగురు పట్టే చోటు. మాంద్యం ప్రతిసారీ అమెరికా నుంచే రావాలని లేదని ఇక్కడ చూశాను. 2019లో అమరావతి పనులు ఆగాయి, డిసెంబర్ 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది, దాని చుట్టూ అల్లుకున్న హోటళ్లు, హాస్టళ్లు, అపార్ట్‌మెంట్ల డ్రాయింగులన్నీ నా ఆఫీసులో ఒక్క వారంలో నిలిచిపోయాయి. 2025 మేలో పనులు మళ్లీ మొదలుపెట్టేదాకా ఐదేళ్లకు పైగా పట్టింది. ఆ మధ్యలో లాక్‌డౌన్. 2020 మే నెలలో ఒకమ్మాయి ఫోన్ చేసింది, అప్పుడే చదువు పూర్తవుతోంది, పోర్ట్‌ఫోలియో ముందే మెయిల్ చేసింది, నేను అన్ని షీట్లూ చూశాను. మా ఆఫీసులో అప్పుడు ఇద్దరమే. బంజారాహిల్స్‌లో నేను విన్న వాక్యమే నా నోట వచ్చింది, కాకపోతే దాని వెనకున్న లెక్కంతా కూడా చెప్పాను, ఏ ప్రాజెక్టు ఏ దశలో ఆగింది, ఎంత బ్యాలెన్స్ రావాలి, అన్నీ. అరగంట పట్టింది.

"మరి మళ్లీ పని మొదలవుతోందని ముందుగా ఎవరికి తెలుస్తుంది సార్?" అని అడిగింది.

ఆలోచించి చెప్పాను. "మాకంటే ముందు సర్వే వాళ్లకి తెలుస్తుందమ్మా. టోటల్ స్టేషన్ పట్టుకుని స్థలం కొలిచేవాళ్లు. వాళ్లు కొలిచి ఇచ్చాకే మేము గీత గీసేది."

నాకు తెలిసిన ముగ్గురు సర్వేయర్ల నంబర్లు వాళ్లని అడిగి ఇచ్చాను. రెండు వారాలకోసారి వాళ్లకి ఫోన్ చేసేదట. అక్టోబర్‌లో ఒకతను చెప్పాడట, గన్నవరం వైపు ఒకే ఆఫీసు కోసం వరసగా మూడు సర్వేలు చేశానని. మర్నాడు పొద్దున్నే ఆ ఆఫీసుకి వెళ్లింది. వాళ్లు ఇంకా ప్రకటన కూడా ఇవ్వలేదు.